జొన్న రొట్టెకూ అన్నానికీ నప్పే కూరలు చెబుతారా?

మా మామగారికి మధుమేహం. రాత్రిపూట అన్నం మానేసి జొన్న రొట్టె తింటున్నారు. పిల్లలకేమో చారు, చివర పెరుగన్నం లేకపోతే భోజనం చేసినట్టే ఉండదు. ఆఫీసు నుంచి వచ్చేసరికి ఏడున్నర. అప్పుడు రెండు వంటలంటే నా వల్ల కావడం లేదు. గుత్తి వంకాయ రెండింటికీ బాగుంటుంది కానీ రోజూ అంత మసాలా నూరే ఓపిక ఎవరికుంది? తోటకూర పప్పు గట్టిగా చేస్తే సరిపోతోంది. ఇలా అరగంటలో అయ్యేవి ఇంకేమైనా ఉన్నాయా?

మరో సందేహం. జొన్నపిండికి గోధుమపిండిలా సాగే గుణం ఉండదు కాబట్టి మరిగే నీళ్లు పోసి కలుపుతున్నాను. అయినా తట్టేటప్పుడు అంచులు పగులుతున్నాయి. పిండి పాతబడితే ఇలా అవుతుందా, ఇంకా ఎక్కువసేపు మర్దించాలా? గోధుమపిండి కలపమని మాత్రం చెప్పకండి, ఆయన ఒప్పుకోరు.