నాన్న 12 బారలంటే ఫిష్ ఫైండర్ 22 అంటోంది, ఫిట్టింగ్ తప్పా సెట్టింగ్ తప్పా?

పూడిమడక_కుర్రోడు

అందరికీ నమస్కారం. మాది పూడిమడక, నాన్నది 28 అడుగుల ఫైబర్ బోటు, అవుట్‌బోర్డ్ మోటారు. వేట నిషేధం అయిపోయాక జూన్‌లో ఒక 5 అంగుళాల ఫిష్ ఫైండర్ కొన్నాం. కొనడానికి అసలు కారణం చేపలు కాదు, పోయిన ఏడాది అడుగు వల రెండుసార్లు బండకి పట్టేసుకుని సగం చిరిగిపోయింది, అడుగున రాయి ఉందో లేదో ముందే తెలిస్తే చాలని నేనే నాన్నని ఒప్పించా.

ఇప్పుడు ఇబ్బంది ఏంటంటే, ట్రాన్స్‌డ్యూసర్‌ని (నీళ్లలోకి ధ్వని పంపి తిరిగొచ్చింది వినే ముక్క) బోటు వెనక చెక్కకి, మోటారుకి జానెడు పక్కన స్క్రూలు వేసి బిగించాం. మెల్లగా పోతే లోతు చూపిస్తుంది, కాస్త స్పీడు పెంచగానే అంకె మిణుకుమిణుకుమంటూ పోతుంది. స్క్రీన్ నిండా చుక్కలే చుక్కలు. చేప బొమ్మలు కుప్పలుగా కనిపించాయని ఒకరోజు వల దింపితే నాలుగు పీతలు తప్ప ఏమీ పడలేదు. అన్నిటికన్నా ముఖ్యం, నాన్న తాడు దింపి ఇక్కడ 12 బారలు అన్నారు, మిషన్ 22 చూపించింది. అప్పట్నుంచి నాన్న దాని మొహం చూడట్లేదు. ఇంకోటి, మా దగ్గర జెట్టీ లేదు, బోటుని ఇసుక మీదకి లాగుతాం, మొన్న లాగినప్పుడు ట్రాన్స్‌డ్యూసర్ బ్రాకెట్ వంగిపోయింది. డబ్బులు వృథా అయ్యాయేమోనని భయంగా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

కాకినాడ_వైరింగ్

తమ్ముడూ ముందు నాన్నగారికి చెప్పు, ఆయనా కరెక్టే మిషనూ కరెక్టే. అది మీటర్లలో చూపిస్తోంది. ఒక బార అంటే 6 అడుగులు, 1.83 మీటర్లు, 12 బారలు అంటే 22 మీటర్లు. సెట్టింగ్స్‌లో యూనిట్స్‌లోకి వెళ్తే ఫ్యాథమ్స్ అని ఉంటుంది, అదే మన బార, అది పెట్టి మళ్లీ అదే చోటుకి తీసుకెళ్లి ఆయన చేతే తాడు వేయించు. అక్కడే వాటర్ టైప్ కూడా ఉప్పునీరు పెట్టు, సముద్రంలో ధ్వని సెకనుకి దగ్గర దగ్గర 1500 మీటర్లు పోతుంది, మంచినీళ్లలో కాస్త తక్కువ, మిషన్ ఆ లెక్క మీదే లోతు కడుతుంది.

ఇక ఫిట్టింగ్. మోటారుకి జానెడు దూరంలో పెడితే అంతే, మోటారు ఫ్యాన్ రేపే బుడగలన్నీ దాని మొహం మీదకే వస్తాయి. గాలి బుడగ అంటే ధ్వనికి గోడ లాంటిది, దాటదు. చుక్కల్లో సగం వాటివల్లే. ట్రాన్స్‌డ్యూసర్ ముందు మేకు గాని పట్టీ గాని గీత గాని ఉన్నా అక్కణ్ణుంచి బుడగలు మొదలవుతాయి. మామూలుగా బోటు వెనక కుడివైపు, ఫ్యాన్ రెక్క కిందకి దిగే పక్కన, మోటారు తిరిగే జాగాకి బాగా ఎడంగా, అడుగు చెక్క కన్నా కొంచెం కిందకి ఉండేలా పెట్టాలి. కానీ ఇసుక మీదకి లాగే బోటుకి వెనక బిగించడమే నాకు నచ్చదు, ఈరోజు బ్రాకెట్ వంగింది రేపు మొత్తం ఊడుతుంది.

మీకు రెండు దారులున్నాయి. ఒకటి, జీఐ పైపుకి చివర ట్రాన్స్‌డ్యూసర్ బిగించి బోటు పక్కన క్లాంప్‌తో పెట్టుకోవడం, అలలు దాటేటప్పుడు పైకి లేపేసి లోపలికి వెళ్లాక దింపుకోవచ్చు. స్పీడులో పైపు ఊగుతుంది, అందుకని చూడాల్సినప్పుడు మెల్లగా పోవాలి. నాకైతే మీ పనికి ఇదే చాలనిపిస్తుంది. రెండోది, బోటు లోపలే అడుగుకి ఎపాక్సీతో అతికించడం, ధ్వని ఫైబర్‌లోంచి పోతుంది. కానీ అక్కడ గట్టి ఫైబర్ మాత్రమే ఉండాలి, మధ్యలో థర్మోకోల్, ఫోమ్, చెక్క ఏదున్నా పనిచేయదు, మన ఫైబర్ బోట్లలో తేలడానికి థర్మోకోల్ నింపిన అరలు ఉంటాయి కదా అవి తప్పించి చూసుకో. అతికించే ముందు టెస్ట్ చేయి, పల్చటి ప్లాస్టిక్ కవర్లో నీళ్లు పోసి అడుగు మీద పెట్టి ట్రాన్స్‌డ్యూసర్‌ని ఆ నీళ్లలో ఉంచి లోతు చూడు, తర్వాత అదే చోట బయట నీళ్లలో వేలాడదీసి చూడు, రెండూ ఒకటే వస్తేనే అతికించు. ఎపాక్సీలో ఒక్క బుడగ ఉండకూడదు. లోపల పెడితే ధ్వని బలం కొంత తగ్గుతుంది, నీటి వేడి కూడా తప్పు చూపిస్తుంది, అది తెలిసే పెట్టుకోవాలి.

కరెంటు మాటకొస్తే మోటారు బ్యాటరీ నుంచి తీసుకోకు, వేరే చిన్న 12 వోల్టుల బ్యాటరీ పెట్టు, ప్లస్ వైరుకి బ్యాటరీ దగ్గరే మాన్యువల్‌లో చెప్పిన ఫ్యూజు వేయి. ట్రాన్స్‌డ్యూసర్ వైరుని మోటారు వైర్లతో కలిపి కట్టొద్దు, పొడుగు ఎక్కువైందని కోయనూ వద్దు, చుట్టి పెట్టుకో.

టెక్సోమా_గాలం

నేను ఉండేది డాలస్ దగ్గర, వీకెండ్ అయితే లేక్ టెక్సోమాలో స్ట్రైపర్లు అనే చేపలకి గాలం వేస్తా. మాది చెరువు మీది సముద్రం, కానీ స్క్రీన్ చదవడం ఒకటే కాబట్టి రాస్తున్నా.

బ్రో మొట్టమొదట ఫిష్ ఐడీ అనేది ఆఫ్ చేసెయ్. ఆ చేప బొమ్మలు మిషన్ ఊహించి పెట్టేవి, బుడగల గుంపు, నాచు, చెత్త ఏది కనిపించినా చేప బొమ్మ వేస్తుంది. ఆఫ్ చేస్తే అసలు ఎకో, అంటే తిరిగొచ్చిన ధ్వని, ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. రెండోది, స్క్రీన్ అంటే టీవీ కాదు. కుడివైపు చివర గీత ఒక్కటే ఇప్పుడు బోటు కింద ఉన్నది, ఎడమవైపు అంతా అయిపోయిన కథ. బోటు లంగరు వేసి ఆగినా స్క్రీన్ జరుగుతూనే ఉంటుంది, అప్పుడు అడుగు సమానంగా గీతలా వస్తే నేల చదునుగా ఉందని కాదు, ఒకే చోటుని మళ్లీ మళ్లీ చూపిస్తోందని.

ధ్వని కిందకి గరాటులా విప్పారుతుంది, దాన్నే కోన్ అంటారు; చేప ఆ కోన్‌లోకి వచ్చేటప్పుడు దూరం, సరిగ్గా కిందకి వచ్చినప్పుడు దగ్గర, పోయేటప్పుడు మళ్లీ దూరం, అందుకే వంపు తిరిగిన ఆర్చ్ వస్తుంది. చేప కిందే నిలబడిపోతే పొడుగాటి గీత వస్తుంది, పొడుగుంది కదా అని పెద్ద చేప అనుకోకు, మందం చూడు. మాకు ఎండాకాలం వేడినీళ్లు చల్లనీళ్లు కలిసే చోట మధ్యలో పల్చటి పట్టీ కూడా వస్తుంది, మొదట్లో నేను దాన్నే అడుగు అనుకున్నా. సెన్సిటివిటీ (ఎంత సన్న ధ్వనిని కూడా చూపించాలనే సెట్టింగ్) పెంచుకుంటూ పో, సన్న చుక్కలు మొదలవ్వగానే కొంచెం తగ్గించి ఆపెయ్. మంచి ఆర్చ్‌లు కనిపిస్తే అక్కడ చేప ఉన్నట్టే, కనిపించకపోతే టైం వేస్ట్ చేసుకోకుండా ముందుకెళ్లు.

పాత_తెప్ప

పై బాబు చెప్పింది బాగుంది గాని ఆఖరి మాట సముద్రంలో నమ్మకండి. ధ్వని గట్టిగా తిరిగొచ్చేది చేప కండ నుంచి కాదు, కడుపులో ఉండే గాలి తిత్తి నుంచి. కచిడి చేపకి అంత ధర పలికేది ఆ తిత్తికే, అలాంటి గొరక జాతి చేపలు స్క్రీన్ మీద బాగా మెరుస్తాయి. మన వంజరానికి ఆ తిత్తే లేదు, కోసి చూసినవాళ్లకి తెలుసు. సూరల్లో చాలావాటికీ లేదు. అంత పెద్ద వంజరం కింద నుంచి పోయినా పల్చటి గీత వచ్చి పోతుంది అంతే. కాబట్టి ఆర్చ్ లేదని వెళ్లిపోతే నష్టం మనకే. నేనైతే కవళ్ల గుంపు వెతుకుతాను, అది నీళ్ల మధ్యలో మబ్బులా దట్టంగా కనిపిస్తుంది, ఆ మబ్బు ఒక పక్క చెదిరిపోయి కింద సన్న గీతలు ఏటవాలుగా ఉంటే వాటిని తరుముతున్న పెద్ద చేపలు ఉన్నాయన్నమాట.

నాయనా, నీకు కావలసింది అడుగు కదా, అదే అసలు విద్య. గట్టి రాయి మీద ధ్వని బలంగా కొట్టి వస్తుంది, అడుగు గీత ముదురు రంగులో కింద తోక పొడుగ్గా ఉంటుంది. ఆ ధ్వని నీటి పైమట్టానికి తగిలి మళ్లీ కిందకి పోయి వచ్చి, సరిగ్గా రెట్టింపు లోతులో రెండో అడుగు గీత కూడా పడుతుంది. బురద అయితే ధ్వనిని మింగేస్తుంది, తోక చిన్నది, రెండో గీత రాదు. ఈ రెండో గీత కనపడాలంటే రేంజ్ (స్క్రీన్ ఎంత లోతు వరకు చూపించాలన్నది) ఆటోలో వదలకుండా లోతుకి రెండింతల పైన పెట్టుకో, 12 బారల్లో ఉంటే 30 పెట్టు. సెన్సిటివిటీని కూడా ఒకచోట ఆపి కదపకు, అది మారిస్తే బురద కూడా రాయిలా కనిపిస్తుంది.

ఇంకో జాగ్రత్త. మిషన్ పంపే ధ్వని ఫ్రీక్వెన్సీ 200 కిలోహెర్ట్జ్‌లో ఉంటే చాలా ట్రాన్స్‌డ్యూసర్లకి కోన్ 20 డిగ్రీలు, అంటే లోతులో మూడో వంతు వెడల్పు, 12 బారల కింద 4 బారల జాగా మాత్రమే చూస్తున్నావు. 50లో అయితే దగ్గర దగ్గర లోతంత వెడల్పు చూస్తుంది, అప్పుడు పక్కనున్న బండ కూడా కిందే ఉన్నట్టు కనిపిస్తుంది, దాని మరుగున ఉన్న పల్లం కనపడదు. వల కోసం అడుగు చూసేటప్పుడు 200లోనే చూడు. వల పొడుగంతా ఒకసారి పోయి, కాస్త పక్కగా వెనక్కి వచ్చి, అప్పుడు దింపు.

మా కాలంలో సీసం గుండుకి అడుగున సబ్బు పామి దింపేవాళ్లం, ఇసుక అంటుకుందా బురద అంటుకుందా ఏమీ అంటకుండా గీత పడిందా అని చూసేవాళ్లం. ఒడ్డున కొండనీ గుడినీ తాడిచెట్టునీ వరసలో పెట్టుకుని ఆ చోటుని గుర్తుంచుకునేవాళ్లం. మీ నాన్నకి అవన్నీ వచ్చే ఉంటాయి. ముందు ఆయనకి బాగా తెలిసిన మూడు చోట్లకి పోండి, ఒకటి రాయి, ఒకటి ఇసుక, ఒకటి బురద, ఒక్కో చోట అరగంట స్క్రీన్ చూస్తూ తిరగండి. ఆ మూడు బొమ్మలూ కళ్లలో పడితే కొత్త చోట కూడా చదవగలవు. మాన్యువల్ పుస్తకంలో ఉండే బొమ్మలు వేరే సముద్రానివి.

పూడిమడక_కుర్రోడు

ఆరు రోజుల తర్వాత రాస్తున్నా, పెద్దాయనకి, అన్నలకి చాలా థాంక్స్. యూనిట్స్ బారలకి మార్చాం, నాన్న మూడు చోట్ల తాడు వేశారు, మూడూ కలిశాయి, ఒక్కచోట అర బార తేడా వచ్చింది, అక్కడ నీటి వాలుకి తాడు ఏటవాలుగా పోయిందని ఆయనే అన్నారు. కవర్ టెస్ట్‌లో మా బోటు లోపల లోతు అసలు రాలేదు, అడుగంతా థర్మోకోలే ఉన్నట్టుంది, అందుకని జీఐ పైపు పెట్టాం. చుక్కలు చాలా పోయాయి.

రాయి చోట రెండో గీత వచ్చింది, పెద్దాయన చెప్పినట్టు సరిగ్గా రెట్టింపు లోతులో! నాన్న దాన్ని చూసి, పోయిన ఏడాది వల చిరిగిన చోటుకి తీసుకెళ్లమన్నారు. కొండ గుర్తులు చూసి తీసుకెళ్లింది ఆయనే, అక్కడ బండ ఒక్కటి కాదు వరసగా మూడున్నాయి, మధ్యలో ఇసుక. జీపీఎస్‌లో మూడూ మార్క్ చేశా. ఒక్క డౌట్ మిగిలింది, పక్కన ఇంకో బోటు వచ్చినప్పుడు స్క్రీన్ మీద పైనుంచి కిందకి ఏటవాలు చుక్కల గీతలు వస్తున్నాయి, అదేంటి?

కాకినాడ_వైరింగ్

వాళ్ల బోట్లో కూడా ఫిష్ ఫైండర్ ఉండుంటుంది తమ్ముడూ, వాళ్ల ధ్వని నీ మిషన్ వింటోంది. మెనూలో ఇంటర్‌ఫియరెన్స్ రిజెక్షన్ అని ఉంటుంది, ఒక మెట్టు పెంచు, ఎక్కువ పెంచితే చిన్న చేపలు కూడా చెరిగిపోతాయి. పైపు తీసినప్పుడల్లా ట్రాన్స్‌డ్యూసర్ మొహాన్ని మంచినీళ్లతో కడుగు, గుల్లలు పడితే గోటితోనో మెత్తటి స్పాంజితోనో తీయి, కత్తి పెట్టకు. ఆ మూడు బండల మధ్య ఇసుకలో వల ఎలా వేశారో మాత్రం రాయి, మా వైపు కూడా అలాంటి చోటొకటి ఉంది.