పాత మొబైల్ హోమ్‌కు గాలి కట్లు: ఫ్లోరిడాలో చేయించినవారు చెప్పగలరా?

నిమ్మతోట (పోక్ కౌంటీ, ఫ్లోరిడా):
అందరికీ నమస్కారం. లేక్‌లాండ్ అవతల కొంచెం స్థలంతో పాటు ఒక మొబైల్ హోమ్ కొన్నాం, అంటే ఫ్యాక్టరీలో తయారుచేసి తెచ్చి పెట్టే ఇల్లు. 1991లో తయారైన డబుల్‌వైడ్, అంటే రెండు భాగాలు తెచ్చి మధ్యలో కలిపి బిగించినది. అమ్మానాన్నలు వచ్చాక అందులోనే ఉంటారు. నాన్నగారు రాత్రిపూట ఆక్సిజన్ యంత్రం పెట్టుకుని పడుకుంటారు కాబట్టి ఈ విషయంలో నాకు తొందరగా ఉంది.

గాలికి ఇల్లు లేచిపోకుండా నేలకు కట్టే కట్లన్నీ ఉన్నాయని అమ్మినవారు చెప్పారు. ఇంటి అడుగు భాగం చుట్టూ మూసిన స్కర్టింగ్‌లో ఒక పలక తీసి టార్చి వేసి చూస్తే ఇనుప పట్టీలు కనిపించాయి, కానీ కొన్ని వదులైన నవారులా వేలాడుతున్నాయి. వాటిని బిగిస్తే సరిపోతుందా, కొత్తవి వేయించాలా? ముందు వైపు కారు నిలిపే రేకుల పందిరి (కార్‌పోర్టు) కూడా ఉంది.

బీమ్‌లెక్క (హ్యూస్టన్):
నేను స్ట్రక్చరల్ ఇంజినీరును. ముందు మీ ఇంటి వయసు సంగతి చూద్దాం.

ఈ ఇళ్లకు ఫెడరల్ ప్రమాణాలు అమల్లోకి వచ్చింది 1976 జూన్ 15న. గాలి విషయంలో అవి ఎంత తక్కువో 1992 ఆగస్టు 24న తేలిపోయింది. ఆ రోజు ఆండ్రూ హరికేన్ మయామీకి దక్షిణాన ఉన్న హోమ్‌స్టెడ్ పట్టణం మీద విరుచుకుపడింది. అక్కడి 1,176 మొబైల్ హోమ్‌లలో 1,167 నేలమట్టమయ్యాయి. ఆ తర్వాత నిబంధనలు తిరగరాశారు. 1994 జులై 13 నుంచి తయారైన ఇళ్లకు మూడు గాలి మండలాలు పెట్టారు. ఫ్లోరిడాలో మొదటి మండలమే లేదు, రాష్ట్రమంతా రెండో, మూడో మండలాల్లోనే ఉంది. మీ పోక్ కౌంటీ రెండోది, అంటే గంటకు 100 మైళ్ల గాలి లెక్క.

మీ ఇల్లు అంతకు ముందుది. కింద ఎంత గట్టిగా కట్టినా గోడకూ పైకప్పుకూ మధ్య ఉన్న బిగింపు పాతకాలపుదే. ఈ సంగతి మనసులో పెట్టుకుని మిగతాది చదవండి.

గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది. 70 మైళ్ల గాలి 100కు పెరిగితేనే తోపు రెండింతలు దాటుతుంది. 100 మైళ్ల గాలిలో చదరపు అడుగుకు సుమారు 25 పౌండ్ల ఒత్తిడి ఉంటుంది. 60 అడుగుల పొడవు, 9 అడుగుల ఎత్తున్న గోడ మీద అది 13,000 పౌండ్లు దాటుతుంది, ఆరు టన్నుల పైమాటే. అదే సమయంలో పైకప్పును గాలి పైకి పీలుస్తుంది. ఇల్లు మాత్రం సిమెంటు దిమ్మెల మీద ఊరికే కూర్చుని ఉంటుంది. దిమ్మెలు బరువును మోస్తాయి తప్ప ఇంటిని పట్టి ఉంచవు. పట్టి ఉంచేవి ఆ పట్టీలు, భూమిలోకి తిప్పి దించిన యాంకర్లు, అంతే.

షార్లెట్ తీరం (పోర్ట్ షార్లెట్, ఫ్లోరిడా):
నేను ఇక్కడ మొబైల్ హోమ్ పార్కు నిర్వహణలో పనిచేస్తాను. బీమ్‌లెక్క గారు చెప్పిన దానికి నేల మీది సంగతులు కలుపుతాను.

పట్టీ అంగుళంపావు వెడల్పు, 0.035 అంగుళం మందం ఉన్న గాల్వనైజ్డ్ ఉక్కు. దాని మీద వేసుకునే పని భారం 3,150 పౌండ్లు. యాంకర్‌తో సహా 4,725 పౌండ్ల వరకు లాగినా నిలవాలి. ఇది మంచి పట్టీ, మంచి నేల ఉన్నప్పటి మాట. నేను చూసినంతవరకు మధ్యలో తెగిన పట్టీ చాలా అరుదు. తెగేది నేలను తాకే చోట. పైన మెరుస్తూ ఉంటుంది. అదే పట్టీని యాంకర్ తలకాయ దగ్గర మట్టి కొంచెం తోడి స్క్రూడ్రైవర్‌తో గీకి చూడండి, పొరలు పొరలుగా రాలుతుంది. ఏసీ నీళ్లు కారే వైపు, తోటకు నీళ్లు చల్లే వైపు ముందుగా చూడండి. తుప్పు అక్కడే ఎక్కువ.

వదులైన వాటి గురించి: దిమ్మెలు కాలక్రమంలో కొంచెం కుంగుతాయి, ఇల్లు కిందికి దిగుతుంది, పట్టీ జారుతుంది. అందుకని వెంటనే బిగించకండి. ముందు ఇంటి మట్టం సరిచేయించాలి. మట్టం తప్పిన ఇంటిలో పట్టీలు బిగిస్తే చట్రం వంగుతుంది, తలుపులు పట్టేస్తాయి. బిగించే చోట, చీలిక ఉన్న బోల్టుకు పట్టీ నాలుగైదు చుట్లు తిరగాలి. ఒక్క చుట్టు మీద నిలబెట్టినవి చూశాను, అవి గాలికి జారిపోతాయి. ఇంటి కింది చట్రంలోని ఉక్కు దూలం (ఐ-బీమ్) అంచు పట్టీని కోయకుండా మధ్యలో రక్షణ ముక్క ఉండాలి.

తర్వాత స్టెబిలైజర్ పలక. ఏటవాలుగా లాగే యాంకర్‌కూ ఇంటికీ మధ్య, యాంకర్ కడ్డీని ఆనుకుని నేలలోకి దిగగొట్టే పలక అది. అది లేకపోతే మెత్తని ఇసుకలో కడ్డీ పక్కకు ఒరిగిపోతుంది, యాంకర్ ఊడకుండానే పట్టీ వదులవుతుంది. మీ ప్రాంతం చాలావరకు ఇసుక నేల కాబట్టి దీన్ని వదలకండి.

మా ఊరి అనుభవం ఒకటి. 2004 ఆగస్టు 13న చార్లీ హరికేన్ పంటా గోర్డా మీదుగా వెళ్లింది. తర్వాత జరిగిన పరిశీలనలో 1994 తర్వాతి ఇళ్లు బాగా నిలిచాయని తేలింది. వాటికి తగిలిన దెబ్బల్లో చాలావరకు ఇంటికి తగిలించిన కార్‌పోర్టులు, జాలీ గదుల వల్లే. గాలికి కార్‌పోర్టు లేస్తే దాన్ని బిగించిన చోట గోడ రేకునో పైకప్పు అంచునో పట్టుకుని లేస్తుంది. అక్కడ కంత పడితే లోపలికి గాలి, వాన. మీ కార్‌పోర్టు ఇంటి మీద ఆధారపడి ఉంటే దానికి సొంత స్తంభాలు, సొంత పునాది వేయించి ఇంటి నుంచి విడదీయండి. లేదంటే తీసేయండి. నా దృష్టిలో పట్టీల కన్నా ముందు చేయాల్సిన పని ఇది.

నిమ్మతోట:
చాలా ఉపయోగపడింది. కార్‌పోర్టు ఒక వైపు పూర్తిగా ఇంటి గోడకే స్క్రూలతో బిగించి ఉంది. వంటగది అరలో లోపలి వైపు అంటించిన కాగితం కూడా దొరికింది, తయారీ తేదీ 1991 అనే ఉంది.

పలాస జీడితోట (శ్రీకాకుళం జిల్లా):
నేను అమెరికా చూడలేదు, కానీ గాలివాన తెలిసినవాణ్ణి. 2018 అక్టోబరు 11న తిత్లీ మా పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి వేళ్లతో సహా లేచిపోయాయి. రేకుల ఇళ్లలో ముందుగా లేచింది అంచు రేకే, ఆ తర్వాత వరసగా మిగతావి. అంచుల్లో జె-బోల్టులు దగ్గరదగ్గరగా వేసి, కింద వెడల్పు వాషర్లు పెట్టిన ఇళ్లు నిలిచాయి. చాలామంది రేకుల మీద ఇసుక బస్తాలు పెడతారు. మీ ఇంటి మీద కూడా అలా పెడితే కొంతైనా పనికొస్తుందా అండీ? కిటికీలు కొంచెం తెరిచి ఉంచితే గాలి ఇటు నుంచి అటు పోతుందని మా పెద్దలు అంటారు, అది నిజమేనా?

బీమ్‌లెక్క:
అంచు గురించి మీరు చెప్పింది ముమ్మాటికీ నిజం. పైకప్పు అంచుల్లో, మూలల్లో పీల్పు అన్నిటికన్నా ఎక్కువ. బస్తాల లెక్క చూడండి: చదరపు అడుగుకు 25 పౌండ్ల పీల్పు ఉంటే పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పున్న కప్పు ముక్క మీదే 2,500 పౌండ్లు, అంటే టన్ను పైన. అన్ని బస్తాలు పెడితే ముందు కప్పే కూలుతుంది. పైగా గాలికి దొర్లిన బస్తా కిందివాళ్ల మీద పడుతుంది. ఆ డబ్బు బోల్టులకూ వాషర్లకూ పెట్టండి.

కిటికీలు మాత్రం గట్టిగా మూసేయాలి. గాలి లోపలికి వస్తే కప్పును కింది నుంచి పైకి తోస్తుంది. బయటి పీల్పు, లోపలి తోపు కలిసిపోతాయి. చెక్క పలకలతో మూయడం ఇంకా మంచిది.

ఆబర్న్ విద్యార్థి (అలబామా):
ఇక్కడ విషయం హరికేన్ కాదు, టోర్నడో. 2019 మార్చి 3న మా విశ్వవిద్యాలయం ఉన్న లీ కౌంటీలోనే, బ్యూరిగార్డ్ దగ్గర ఈఎఫ్-4 (తీవ్రత కొలమానంలో పై నుంచి రెండో స్థాయి) టోర్నడో 23 మందిని బలి తీసుకుంది. చనిపోయినవారిలో ఎక్కువమంది మొబైల్ హోమ్‌లలో ఉన్నవారే. గాలి వేగం గంటకు 170 మైళ్లకు చేరింది. అంత గాలికి ఏ పట్టీ ఆగదు. మీ ఫ్లోరిడాలోనూ 2024లో మిల్టన్ హరికేన్ తీరం దాటకముందే దాని బయటి మేఘాల్లోంచి పుట్టిన టోర్నడో సెయింట్ లూసీ కౌంటీలో పెద్దవాళ్లు ఉండే మొబైల్ హోమ్‌ల మీద పడి ఆరుగురు చనిపోయారు. తుఫాను కన్ను ఎక్కడో ఉంది కదా అని ఇంట్లో కూర్చోవద్దని అమ్మగారికీ నాన్నగారికీ ముందే చెప్పి ఉంచండి.

షార్లెట్ తీరం:
ఈ తమ్ముడు చెప్పింది అందరూ చదవాలి. ఫ్లోరిడా కౌంటీల్లో ఖాళీ చేయమన్న ఆదేశం వస్తే మొబైల్ హోమ్‌లలో ఉన్నవారందరూ వెళ్లాలి. సముద్రానికి దూరంగా ఉన్నా, ఖాళీ చేయించే మండలం ఏదైనా సరే. కట్లు ఇంటి కోసం, తిరిగి వచ్చేసరికి ఇల్లు ఉండటం కోసం. మీ నాన్నగారికి కరెంటు మీద నడిచే యంత్రం ఉంది కాబట్టి కౌంటీలో ప్రత్యేక అవసరాల షెల్టర్ జాబితాలో పేరు ఇప్పుడే నమోదు చేయించండి. హరికేన్ కాలం జూన్ 1న మొదలవుతుంది, తుఫాను పేరు టీవీలో వచ్చాక ఆ ఫోన్లు ఎత్తేవారుండరు.

ఇంకొకటి. పార్కుల్లో ఉన్న ఇళ్లకు రాష్ట్ర నిధులతో ఉచితంగా కట్లు వేసే పథకం ఉంది. మీది సొంత స్థలం కాబట్టి అది వర్తించదు. చదివే ఇతరులు మాత్రం తమ పార్కు యాజమాన్యాన్ని అడగండి.

నిమ్మతోట:
అందరికీ కృతజ్ఞతలు. షెల్టర్ జాబితాలో నాన్నగారి పేరు నమోదైంది. ఇద్దరు లైసెన్సున్న ఇన్‌స్టాలర్లు వచ్చి చూశారు. ఒకరు నేలను ముట్టుకోకుండానే నాలుగడుగుల యాంకర్లు చాలన్నారు. రెండో ఆయన నేల గట్టిదనం కొలిచే కడ్డీ (టార్క్ ప్రోబ్) తెచ్చి నాలుగు మూలలా నేలలోకి తిప్పి చూశారు. ఇంటి వెనుక నిమ్మచెట్ల వైపు నేల బాగా గుల్లగా ఉందని, అక్కడ ఐదడుగులవి వేయాలని చెప్పారు. పక్కల వెంబడి 5 అడుగుల 4 అంగుళాలకు ఒకటి చొప్పున, రెండు భాగాలు కలిసే మధ్య గీతలో పెద్ద తెరుపుల దగ్గర కూడా యాంకర్లు రాశారు. ధర ఎక్కువే, అయినా పని ఆయనకే ఇస్తున్నాం. కార్‌పోర్టు వచ్చే వారం విప్పుతున్నారు. గోడకు స్క్రూలు ఉన్న చోట రంధ్రాలు ఎలా మూయించాలి?

షార్లెట్ తీరం:
సరైన మనిషిని ఎంచుకున్నారు. రంధ్రాలకు సీలెంట్ మాత్రమే పూసి వదలకండి. ఆ వరస వెంబడి గోడ రేకు తీయించి లోపలి చెక్క తడిసి మెత్తబడిందేమో వేలితో నొక్కి చూడండి. పాత కార్‌పోర్టుల కింద అది తరచుగా పాడై ఉంటుంది. చెక్క బాగుంటే కొత్త రేకు వేయించండి.

యాంకర్లు దించే రోజు మీరు అక్కడే ఉండండి. యాంకర్ కడ్డీ కింది చివరనున్న మెలిక పలక పూర్తిగా నేలలోకి దిగి, తలకాయ నేలకు ఆనాలి. రాయి అడ్డొచ్చిందని కడ్డీ పైభాగం కోసేస్తే ఒప్పుకోవద్దు. చోటు మార్చి మళ్లీ దించమనండి. స్కర్టింగ్ మూయకముందే ప్రతి యాంకర్‌కూ ఫొటో తీసి, కౌంటీ పర్మిట్ కాగితంతో కలిపి ఉంచండి. బీమా కంపెనీ అడిగితే చూపించవచ్చు.