గర్భసంచి ఆపరేషన్ జరిగి ఏడు నెలలైనా తగ్గని పొత్తికడుపు నొప్పి, మూత్రంలో మంట

ప్రశ్న (చిత్తూరు):

నమస్కారం. నా వయసు 46 సంవత్సరాలు. గడ్డలున్నాయని ఏడు నెలల క్రితం గర్భసంచి తొలగించారు. కుట్లు మానాయి కానీ, మూత్రాశయం నిండేకొద్దీ పొత్తికడుపులో మెలిపెట్టినట్టు నొప్పి వస్తోంది. మూత్రానికి వెళ్ళి వస్తే కాస్త తెరిపి కలిగినా, అరగంట గడవకముందే మళ్ళీ వెళ్ళాలనిపిస్తోంది. మూడుసార్లు కల్చర్ పరీక్ష చేయిస్తే క్రిములు లేవనే వచ్చింది, అయినా మూడుసార్లూ యాంటీబయోటిక్ మాత్రలే రాశారు. ఇంట్లోవారు ఒంటికి వేడి చేసిందని నిమ్మరసం ఇస్తున్నారు. అది తాగిన రోజు మంట ఇంకా పెరుగుతోంది. ఉద్యోగం తిరుపతిలో కావడంతో రోజూ బస్సు ప్రయాణం తప్పదు కనుక ఉదయం నీళ్ళు తాగడమే మానేశాను. చివరికి ఒక వైద్యుడు ఇదంతా మీ ఊహే అన్నారు. ఈ బాధ పడినవారెవరైనా దారి చెప్పగలరా?

జవాబు (తిరుపతి):

అక్కా, ఇది ఊహ కాదు. కల్చర్‌లో ఏమీ రాలేదంటే ఇన్ఫెక్షన్ కనబడలేదని అర్థమే తప్ప నొప్పి లేదని కాదు. నాకు అన్ని పరీక్షలూ అయ్యాక బ్లాడర్ పెయిన్ సిండ్రోమ్ (ఇన్ఫెక్షన్ లేకుండానే మూత్రాశయంలో చాలాకాలం నొప్పి ఉండే సమస్య) అని తేల్చారు. దానినే ఇంటర్‌స్టీషియల్ సిస్టైటిస్ అని కూడా అంటారు. అయితే మీకు ఆపరేషన్ తరువాత మొదలైంది కాబట్టి, మూత్రం పూర్తిగా ఖాళీ అవుతోందో లేదో స్కానింగ్‌లో చూడాలి, కుట్టేమైనా మూత్రాశయానికి తగిలిందా అన్నది అవసరమైతే సిస్టోస్కోపీతో (సన్నని గొట్టానికి ఉన్న కెమెరాతో మూత్రాశయం లోపల చూసే పరీక్ష) తేల్చుకోవాలి. యూరాలజిస్టు (మూత్ర సమస్యల నిపుణుడు) దగ్గరికి వెళ్ళేటప్పుడు డిశ్చార్జ్ సమ్మరీ మరచిపోకండి. ఇక్కడ తిరుపతిలోని స్విమ్స్ ఆసుపత్రిలో యూరాలజీ విభాగం ఉంది. చిత్తూరు నుంచి వేలూరు సీఎంసీ ఆసుపత్రి కూడా దగ్గరే. వెళ్ళేముందు మూడు రోజులపాటు మూత్రానికి ఎన్ని గంటలకు వెళ్ళారు, కొలత గ్లాసులో ఎన్ని మిల్లీలీటర్లు వచ్చింది, నొప్పి పదికి ఎంత అన్నవి రాసి పెట్టుకోండి. నా విషయంలో ఆ కాగితమే డాక్టరుగారిని ఆలోచింపజేసింది.

నాకు రాత్రిపూట అమిట్రిప్టిలిన్ తక్కువ మోతాదులో రాశారు. దిగులుకు వాడే మందని తెలిసి మా అత్తగారు కంగారుపడ్డారు గానీ, నరాల నొప్పికి కూడా దానిని ఇస్తారు. వైద్యులు చెప్పకుండా మాత్రం వాడవద్దు; మూత్రం సరిగా ఖాళీ కానివారికి అది ఇబ్బంది పెంచవచ్చు.

నీళ్ళు మానడం మాత్రం పొరపాటు. చిక్కబడిన మూత్రం మంటను పెంచుతుంది. ఒకేసారి చెంబెడు తాగకుండా గుక్కెడు గుక్కెడుగా తాగండి.

జవాబు (ఫిజియోథెరపిస్టు):

పై సలహాతో ఏకీభవిస్తూ, కండరాల సంగతి కూడా చూడమంటాను. నెలల తరబడి నొప్పికి బిగబట్టి కూర్చోవడం వల్ల కటి అడుగుభాగంలోని కండరాలు బిగుసుకుపోయి, మూత్రాశయం బాగున్నా నొప్పిని కొనసాగించగలవు. ఎక్కువసేపు కూర్చుంటే, మలబద్ధకం ఉన్నప్పుడు, దాంపత్య సమయంలో నొప్పి పెరుగుతుంటే ఈ అనుమానం బలపడుతుంది. అలాంటివారు ఎవరో చెప్పారని కీగెల్ వ్యాయామాలు (ఈ కండరాలను పదేపదే బిగించి వదలడం) మొదలుపెడితే, బిగుసుకున్న కండరాన్ని ఇంకా బిగించినట్టవుతుంది. మీకు కావలసింది వదులు చేయడం: వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి, పొట్ట పైకి లేచేలా నెమ్మదిగా ఊపిరి పీల్చడం, పొత్తికడుపుపై గోరువెచ్చని కాపడం. ఈ కండరాలకు ప్రత్యేకంగా శిక్షణ పొందినవారు తక్కువే కాబట్టి, వెళ్ళేముందు ఫోన్‌లో అడిగి తెలుసుకోండి.

జవాబు (మదనపల్లె):

పులుపు, కారం, కాఫీ అన్నీ ఒకేరోజు మానేస్తే ఏది పడదో తెలియదు, పైగా తినడానికి ఏమీ మిగలదు! ఒక్కొక్కటి వారం పది రోజులు ఆపి చూడండి. మూత్రంలో రక్తం, చలిజ్వరం, మూత్రం బొత్తిగా రాకపోవడం, తెలియకుండా నిరంతరం కారడం ఉంటే మాత్రం ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. నిజానికి యూట్యూబ్‌లో చూసి రెండు నెలలుగా కీగెల్ వ్యాయామాలే చేస్తున్నాను; నేటితో ఆపేశాను. నిమ్మరసం బదులు బార్లీ నీళ్ళు ఇమ్మని ఇంట్లో చెప్పాను. సోమవారం యూరాలజిస్టును కలుస్తున్నాను, మా అమ్మాయి పాత కొలత గ్లాసు వెతికి పెట్టింది.