ఎంఆర్‌కేహెచ్ గురించి నలుగురికీ చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

వానచినుకు:
మా చెల్లికి 16 దాటినా పీరియడ్స్ రాలేదు. కొందరికి ఆలస్యమవుతుందిలే అన్నారు అందరూ, తర్వాత హార్మోన్ మాత్రలు వాడించారు, ఫలితం లేదు. చివరికి స్కాన్‌లో గర్భాశయం లేదని తేలింది, పుట్టుకతోనే ఇలా ఉండటాన్ని ఎంఆర్‌కేహెచ్ సిండ్రోమ్ అంటారట. క్లాసులో ఎవరికీ అనుమానం రాకూడదని బ్యాగులో ప్యాడ్స్ పెట్టుకుని తిరిగేదని కూడా మాకు అప్పుడే తెలిసింది. తన సంగతి బయటపడకుండా కాలేజీల్లో, ఆడపిల్లల తల్లులకి దీని గురించి చెప్పాలనుంది. పోస్టర్‌లో ఏం రాయాలి? జనం నవ్వుతారేమోనని టెన్షన్‌గానూ ఉంది.

గోరింట:
జబ్బు పేరుతో మొదలుపెడితే ఎవరూ ఆగి చదవరండి. "15 ఏళ్లొచ్చినా పీరియడ్స్ మొదలవలేదా? డాక్టర్‌కి చూపించండి" అని పెద్దక్షరాల్లో వేయండి, చాలు. ఎంఆర్‌కేహెచ్ సుమారు 5,000 మంది ఆడపిల్లల్లో ఒకరికే ఉంటుంది, కానీ ఆ ఒక్క మాట వేరే కారణాలతో ఆగిపోయిన వాళ్లకీ పనికొస్తుంది.

తెల్లకోటు:
గైనిక్ వార్డులో నర్సుని. గోరింట గారు చెప్పింది కరెక్టే. అండాశయాలు బాగానే పనిచేస్తాయి కాబట్టి ఒంటి ఎదుగుదలంతా మామూలుగానే ఉంటుంది, అందుకే ఇంట్లోవాళ్లు ఏళ్ల తరబడి ఎదురుచూస్తూ కూర్చుంటారు. గర్భాశయమే లేనప్పుడు మాత్రలు ఎన్ని మింగినా బ్లీడింగ్ రాదు కదా, ముందు స్కాన్ చేయించాలి. కిడ్నీలు కూడా చూడమనండి, కొందరికి ఒకటే ఉంటుంది. ఇంకోటి, పీరియడ్స్ రాకుండా నెలనెలా కడుపునొప్పి మాత్రం వస్తుంటే అసలు ఆగొద్దు, లోపల రక్తం నిలిచిపోతుండొచ్చు.

మౌనిక_కాదు:
నాకూ ఇదే ఉంది. పోస్టర్ మీద ఏడుస్తున్న అమ్మాయి బొమ్మ మాత్రం వేయకండి, దండం పెడతాను. నాకు జబ్బుకన్నా చుట్టూ ఉన్నవాళ్లు "పాపం, పెళ్లెలా" అన్నప్పుడే ఎక్కువ కష్టమనిపించింది. యోని పైభాగం ఏర్పడదు కాబట్టి అది చిన్నగా ఉంటుంది, దానికి డైలేటర్లతో (యోనిని కొద్దికొద్దిగా సాగదీసే నున్నటి సాధనాలు) మెల్లగా చేసే చికిత్స ఉంది, చాలామందికి ఆపరేషన్ అక్కర్లేదు. అదీ మనం సిద్ధమైనప్పుడే, పెళ్లి కుదిరిందని ఎవరో తొందరపెడితే కాదు. మీ చెల్లిని కూడా అడిగే పోస్టర్ చేయండి.

వానచినుకు:
థ్యాంక్సండీ, బొమ్మ తీసేస్తాం. తనకి చూపించాకే ప్రింట్ చేయిస్తాం. పిల్లల విషయం రాయాలా, వద్దా?

తెల్లకోటు:
ఒక్క లైన్ రాయండి. అండాలు ఉంటాయి కాబట్టి సరోగసీకి వీలుంది, కాకపోతే చట్టం ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. 2014లో స్వీడన్‌లో మార్పిడి చేసిన గర్భాశయంతో తొలిసారి బిడ్డను కన్నావిడకి ఉన్నది కూడా ఇదే సమస్య. అది పెద్ద ఆపరేషన్, అందరికీ కుదిరేది కాదు, ఆ మాట కూడా పక్కనే రాయండి.