పెయిర్స్ స్కేటింగ్ మార్కులు మీలో ఎవరికైనా అర్థమవుతాయా?

పల్లవి_నాన్న
మా అమ్మాయికి ఎనిమిదేళ్లు. యూట్యూబ్‌లో పాత ఒలింపిక్స్ పెయిర్స్ (అబ్బాయి, అమ్మాయి జంటగా మంచు మీద చేసే స్కేటింగ్) వీడియోలు వరసపెట్టి చూస్తోంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒకటే ప్రశ్నలు. మూడు ఇక్కడ అడుగుతున్నా. ఒకటి, 2018 ప్యాంగ్‌చాంగ్‌లో షార్ట్ ప్రోగ్రామ్ (మొదటి, చిన్న విడత) అయ్యాక నాలుగో స్థానంలో ఉన్న జర్మనీ జంట సావ్‌చెంకో, మాసో చివరికి స్వర్ణం ఎలా కొట్టారు? రెండు, ఈమధ్య వీడియోల్లో తెర మూలన ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గళ్లు కనబడతాయి, అవేంటి? మూడు, ఏ జడ్జి ఎంత వేశారో పూర్తి షీటు ఎక్కడ దొరుకుతుంది?

రింక్_రమణ
రోలర్ (చక్రాల) స్కేటింగ్ ఆర్టిస్టిక్‌లో జిల్లా స్థాయి పోటీలకి జడ్జిగా కూర్చున్నవాణ్ణి, నా మాట నమ్మండి. బుర్ర పాడుచేసుకోకండి, చాలా సింపుల్. పడితే 5 మార్కులు కోత. పడనివాళ్లు గెలుస్తారు. అంతే.

లెక్కల_సుబ్బారావు
రమణగారూ, 5 మార్కుల కోత కాదండీ. జీఓఈ అంటే ఒక్కో ఎలిమెంట్ (దూకు, లిఫ్ట్ లాంటి విన్యాసం) ఎంత బాగా చేశారో జడ్జీలు వేసే మార్కు. −5 అంటే మైనస్ ఐదో మెట్టు. మెట్టుకి బేస్ వాల్యూలో (ఆ ఎలిమెంట్‌కి ముందే ఖరారైన విలువలో) 10 శాతం చొప్పున, పడితే ఆ ఎలిమెంట్ విలువ సగం పోతుంది. పైన పడినందుకు విడిగా 1 పాయింటు, ఇద్దరూ పడితే 2. ఈ ప్లస్ 5, మైనస్ 5 మెట్లు కూడా 2018-19 సీజన్ నుంచే. అంతకుముందు మూడే.

పల్లవి నాన్నగారూ, మీ మొదటి ప్రశ్న కూడికలూ తీసివేతలే. షార్ట్‌లో మాసో ట్రిపుల్ సాల్కో (గాల్లో మూడు చుట్లు తిరిగే దూకు) దూకాల్సింది డబుల్‌తో సరిపెట్టాడు, 76.59 వచ్చింది. చైనా జంట సుయ్, హాన్‌కి 82.39. అంటే 5.80 వెనక. ఫ్రీలో, అంటే రెండో పెద్ద విడతలో, జర్మనీవాళ్లకి 159.31, చైనావాళ్లకి 153.08. ఇక్కడ 6.23 ముందు. మిగిలింది 0.43. స్వర్ణం దానితోనే.

కిట్టు_కాకినాడ
0.43 తేడాకి స్వర్ణం! ఆ దశాంశాలు ఎక్కడ పుడతాయో నాకు తెలుసు. కాంపొనెంట్స్ మార్కుల్లో, అంటే మొత్తం ప్రోగ్రామ్ కళకీ, స్కేటింగ్ తీరుకీ వేసేవాటిలో. అవి మన ఇంజినీరింగ్ ఇంటర్నల్సే అన్నయ్యా. పేరున్నోడికి వేస్తారు, కొత్తోడికి కోస్తారు. 2002లో సాల్ట్‌లేక్‌లో ఏం జరిగిందో మర్చిపోయారా?

మాంట్రియల్_మాధవి
2002 ఎత్తావా కిట్టూ, అయిపోయింది ఇవాళ్టికి 😀 కెనడా జంట సలే, పెల్టియే తప్పు లేకుండా చేశారు. రష్యా అబ్బాయి సిఖరులిద్జే డబుల్ యాక్సెల్ దూకి దిగేటప్పుడు తడబడ్డాడు. అయినా 5-4తో రష్యాకి. తమ దేశం స్కేటింగ్ ఫెడరేషన్ పెద్ద ఒత్తిడి తెచ్చాడని ఫ్రెంచ్ జడ్జి తనే చెప్పింది. ఇంకేం కావాలి?

డాక్టర్_నిఖిల్
చెప్పి, తర్వాత ఆ మాట వెనక్కి తీసుకుంది. అదీ చెప్పండి మేడమ్. నేను ఆరేళ్లు రష్యాలో మెడిసిన్ చదివాను, అక్కడివాళ్లకి ఇది ఇంకా మానని పుండు. సిఖరులిద్జే జోడీ బెరెజ్నాయాకి 1996లో ప్రాక్టీసులో పాత పార్ట్‌నర్ బ్లేడు తలలోకి దిగింది. పుర్రెకి ఆపరేషన్. కోలుకుని రెండేళ్లకే నాగానోలో రజతం. సాల్ట్‌లేక్‌లో వాళ్ల ప్రోగ్రామ్‌లో ఉన్న అల్లిక, కదలికల లోతు కెనడా జంట ప్రోగ్రామ్‌లో ఎక్కడ? వాళ్లేమో రెండేళ్ల కిందటి పాత ప్రోగ్రామ్ దుమ్ము దులిపి తెచ్చారు.

మాంట్రియల్_మాధవి
తలకి దెబ్బ తగిలిందని మార్కులు వెయ్యాలా? సానుభూతి వేరు, స్కోరు వేరు నాయనా.

డాక్టర్_నిఖిల్
నేనలా అన్నానా? చదివి మాట్లాడండి.

లెక్కల_సుబ్బారావు
ఇద్దరూ కాస్త ఆగండి. అప్పటిది 6.0 పద్ధతి, అంటే గరిష్ఠ మార్కు 6.0. టెక్నికల్‌కో మార్కు, ప్రెజెంటేషన్‌కో మార్కు. ఫ్రీలో మొత్తం సమానమైతే ప్రెజెంటేషన్ ఎక్కువున్నవాళ్లదే పైచేయి. రష్యా, చైనా, పోలండ్, ఉక్రెయిన్, ఫ్రాన్స్ ఒకవైపు. అమెరికా, కెనడా, జర్మనీ, జపాన్ ఇంకోవైపు. గొడవ ముఖ్యంగా ఫ్రాన్స్ ఓటు మీదే. చివరికి కెనడావాళ్లకీ స్వర్ణం ఇచ్చారు. ఫ్రెంచ్ జడ్జికీ ఆ పెద్దాయనకీ మూడేళ్ల నిషేధం.

నాకు నవ్వొచ్చేది ఆ తర్వాతి సంగతి. 2004లో కొత్త పద్ధతి తెచ్చారు కదా, పారదర్శకత అన్నారు, తీరా ఏ మార్కు ఏ జడ్జిదో దాచేశారు. పేర్లు మళ్లీ బయటపెట్టింది 2016లో.

కిట్టు_కాకినాడ
దొంగ దొరికాడని ఊళ్లో అందరికీ ముసుగులు పంచినట్టు 😂

సరితక్క_సికింద్రాబాద్
మీరు ఒలింపిక్స్ ముచ్చట్లు జెప్తున్నరు. మా బాబు రోలర్ల పెయిర్ జేస్తడు, మా బాధ వినుండ్రి. ముందు జంట దొరుకుడే కష్టం. దొరికిన పాప వాళ్లు ట్రాన్స్‌ఫరై పోతే మళ్ల మొదటికొస్తది. పోయినేడు ఒక పోటీకి పోతే, జడ్జి టేబుల్ కాడ కూసున్నది మా ఎదుటి జంట కోచే! అడిగితే "ఇంకెవరు దొరకలేదు మేడమ్" అన్నరు. మావోళ్లు లిఫ్ట్ మంచిగ దింపిండ్రు, వాళ్ల పాప దిగేటప్పుడు చెయ్యి నేలకానించింది, నా కండ్లతోని జూసిన. ఫలితం అడగకుండ్రి. సొంతూరి జడ్జి అయితే గదే న్యాయం.

రింక్_రమణ
అమ్మా, అందర్నీ ఒకే గాటన కట్టకండి. మన హైదరాబాద్ అబ్బాయి అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో రోలర్ సింగిల్స్‌లో కాంస్యం, అవనీ పంచాల్‌తో పెయిర్స్‌లో ఇంకో కాంస్యం తెచ్చాడు. మార్కులు కొనుక్కుని తెచ్చాడా?

సరితక్క_సికింద్రాబాద్
అనూప్‌ను నేనేమన్నా అన్ననా అన్నా? మీకెందుకంత ఉలుకు? ఆ టేబుల్ కాడ మీరే గాదు గద 🙂

అడ్మిన్
వ్యక్తిగతంగా వెళ్లొద్దు. ఒక కామెంటు తీసేశాను.

లెక్కల_సుబ్బారావు
సరితమ్మ చెప్పింది పైస్థాయిలోనూ ఉందండీ. 2018లో ఇదే పెయిర్స్ పోటీలో సొంత దేశం జంటవైపు మొగ్గు చూపినందుకు చైనా జడ్జి ఒకరిని ఐఎస్‌యూ (అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య) ఏడాది నిషేధించింది. తొమ్మిది మంది మార్కుల్లో పైదీ కిందిదీ తీసేసి మిగతా ఏడింటి సగటు వేస్తారు కాబట్టి ఒక్కరి వల్ల మరీ ఎక్కువ మారదు. అంత మొగ్గినా 0.43 తక్కువే పడింది.

మాంట్రియల్_మాధవి
2024 వరల్డ్స్ మా ఊళ్లోనే. బెల్ సెంటర్‌లో ప్రత్యక్షంగా చూశాను. టీవీలో తెలియనిది ఒకటి చెబుతా. డెత్ స్పైరల్‌లో అబ్బాయి ఒక బ్లేడు ముందుపళ్లు మంచులో గుచ్చి ఇరుసులా నిలబడతాడు, అమ్మాయి చుట్టూ తిరుగుతుంది, తల మంచుకి జానెడు ఎత్తులో. ఆ గుచ్చిన బ్లేడు కరకరమనే చప్పుడు పైవరసల దాకా వినబడింది. ఒక జంట అమ్మాయి మోచెయ్యి మంచుకి తగిలిందని మేమంతా "అయ్యో" అన్నాం. జడ్జీలు ఎదురువైపు కూర్చున్నారు, వాళ్లకి కనబడిందో లేదో! లెవెల్ (ఎలిమెంట్ ఎంత కష్టమైందో) తేల్చే టెక్నికల్ ప్యానెల్‌కి వీడియో ఉంటుందనుకోండి.

ఆ రోజు మా కెనడా తరఫున నలభై ఏళ్ల స్టెలాటో-డ్యూడెక్ గెలిచింది, డెషాన్‌తో. నలభై! హాలంతా లేచి నిలబడింది.

డాక్టర్_నిఖిల్
ఆ రోజు ఫ్రీలో మొదటి స్థానం జపాన్ జంట మియురా, కిహరాది. 144.35, మీవాళ్లకి 144.08. షార్ట్‌లో 77.48 వచ్చింది కాబట్టి బతికిపోయారు. అదే రష్యావాళ్లయి ఉంటే "దొంగతనం" అనేవారు.

మాంట్రియల్_మాధవి
నువ్వు మారవు.

కిట్టు_కాకినాడ
2022 బీజింగ్ సంగతేంటి మరి? సుయ్, హాన్ 239.88, రష్యా జంట తారసోవా, మొరొజోవ్ 239.25. సొంతగడ్డ మీద 0.63. మీ రష్యాకి అక్కడ ఎవరు చేశారు అన్యాయం డాక్టరు గారూ?

డాక్టర్_నిఖిల్
దానికి నా దగ్గర జవాబుంది. రేపు డ్యూటీ దిగాక రాస్తాను, పెద్దది.

పల్లవి_నాన్న
అయ్యా, రంగు గళ్లు?

లెక్కల_సుబ్బారావు
అదొకటి ఉండిపోయింది కదూ. గడికో ఎలిమెంట్. ఆకుపచ్చ అంటే జడ్జీలు ప్లస్ వేశారు, ఎరుపు అంటే మైనస్. పసుపు అంటే టెక్నికల్ ప్యానెల్ రీప్లే చూస్తోంది, ఇంకా తేలలేదు. పసుపు ఉండగా స్కోరు చూసి సంబరపడొద్దని పాపకి చెప్పండి.

పల్లవి_నాన్న
చెప్పాను. "అయితే అంతా అయిపోయాక కూడా మార్కులు తగ్గుతాయా, అది చీటింగ్ కాదా" అంటోంది. మూడో ప్రశ్న కూడా ఎవరైనా...

గోదారి_గీత
సరితక్కా, మీ బాబువి పాత స్కేట్లు అమ్మేస్తానని వేరే చోట రాశారు కదా, ఉన్నాయా ఇంకా? మా వాడిది 35 సైజు. రాజమండ్రికి కొరియర్ చేస్తారా?

సరితక్క_సికింద్రాబాద్
ఉన్నయ్ చెల్లె. ఎడమ కాలి స్టాపర్ అరిగింది, అది మార్చుకోవాలె. ఇన్‌బాక్స్‌ల రా.