ఒకే కేలరీలున్నా ప్యాకెట్ తిండితో బరువెందుకు పెరుగుతుంది?

చిరుమల్లె:
మా తమ్ముడు ఉద్యోగంలో చేరి పీజీ హాస్టల్‌కి మారినప్పటి నుంచి బాగా లావయ్యాడు. ఇంట్లో అందరూ వాడికి నోటి మీద అదుపు లేదని తిడుతున్నారు, నాకది నచ్చట్లేదు. పొద్దున కార్న్‌ఫ్లేక్స్, సాయంత్రం బిస్కెట్లు, రాత్రి నూడుల్స్, కూల్ డ్రింకు. "ఇంట్లో తిన్నదాని కంటే ఎక్కువేం తినట్లేదక్కా, కానీ కడుపు నిండినట్టే ఉండదు" అంటాడు. దీని మీద గట్టి పరిశోధన ఏదైనా జరిగిందా?

పాలపిట్ట:
జరిగిందండి. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌లో కెవిన్ హాల్ అనే పరిశోధకుడి బృందం 20 మందిని 28 రోజులు అక్కడి ఆసుపత్రిలోనే ఉంచి రెండు వారాలు బాగా ప్రాసెస్ చేసిన (ఫ్యాక్టరీలో తయారైన ప్యాకెట్ రకం) తిండి, రెండు వారాలు మామూలుగా వండిన తిండి పెట్టింది, 2019లో ఫలితాలు వచ్చాయి. వడ్డించిన దాంట్లో కేలరీలు, చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు రెండిట్లోనూ సమానమే, ఎంత తినాలన్నది మాత్రం వాళ్ల ఇష్టం. ప్రాసెస్డ్ తిండి పెట్టినప్పుడు రోజుకి సగటున 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, సుమారు 0.9 కిలోలు పెరిగారు, రెండోదాంతో అంతే తగ్గారు. రుచికి రెండిటికీ దాదాపు ఒకే మార్కులు వేశారు! తేడా వేగంలో కనిపించింది, మెత్తటి తిండి గబగబా లోపలికి పోతుంది, ఇక చాలని కడుపు చెప్పేలోపే ఎక్కువ తినేస్తాం. మీ తమ్ముడు అబద్ధం చెప్పట్లేదు, దయచేసి తిట్టకండి.

గోదారి గట్టు:
ఆ అధ్యయనం మంచిదే, కానీ 20 మంది, రెండేసి వారాలు. పైగా ప్రాసెస్డ్ భోజనంలో పీచు సమానం చేయడానికి దాన్ని డ్రింకుల్లో కలిపారు, అంటే నమిలి తినే పదార్థంలో గ్రాముకి కేలరీలు ఎక్కువున్నాయి, అసలు కారణం అదే కావచ్చు. 2025లో లండన్‌లోని యూసీఎల్ యూనివర్సిటీ వాళ్లు 55 మందితో ఎనిమిదేసి వారాలు చేశారు, రెండు రకాల తిండీ అక్కడి ప్రభుత్వ ఆహార సూచనల ప్రకారమే ఇచ్చారు. రెండిటితోనూ బరువు తగ్గారు, వండిన తిండితో 2 శాతం, ప్రాసెస్డ్ తిండితో 1 శాతం. కాబట్టి ప్యాకెట్ అనగానే విషం అనుకోనక్కర్లేదు. అలాగే ఇంట్లో చేసిన జంతికలు ఈ లెక్కలోకి రావు కదా అని డబ్బా ఖాళీ చేసినా కష్టమే.

చిరుమల్లె:
ఇద్దరికీ థాంక్సండి. మరి పీజీలో వంట కుదరదు కదా, వాడేం చేయాలి?

పాలపిట్ట:
ముందు కూల్ డ్రింకు మానేయమనండి. బిస్కెట్ల బదులు ఉడికించిన శనగలు, పల్లీలు, జామకాయ లాంటివి, నమలడానికి టైమ్ పట్టేవి. కెటిల్ ఉంటే గుడ్లు ఉడుకుతాయి. ఖర్చు కొంచెం పెరగొచ్చు, హాల్ అధ్యయనంలో కూడా రోజుకి 2000 కేలరీల లెక్కన వారానికి ప్రాసెస్డ్ తిండి సరుకులు 106 డాలర్లైతే, వండిన తిండికి 151 అయ్యాయి. డబ్బు దగ్గర వాడు వెనకాడితే ఇంటి నుంచి మీరు కాస్త సాయం చేయండి.

గోదారి గట్టు:
బరువుతో పాటు నడుము కూడా టేపుతో కొలవమనండి. మన మగవాళ్లకి 90 సెంటీమీటర్లు దాటితే పొట్ట చుట్టూ కొవ్వు ఎక్కువున్నట్టే, అప్పుడు షుగర్ టెస్టు చేయించడం మంచిది.