కొండ మీద చలిమంట వేసుకోవాలా, వద్దా?

కొండబాట:
మొన్న డిసెంబరులో మబ్బులు చూద్దామని వైజాగ్ నుంచి వెళ్లి వంజంగి కొండెక్కాను. పైన నల్లటి మంట మచ్చలు లెక్కపెడితే పదకొండు. ఒకదాంట్లో సగం కాలిన చిప్స్ కవరు రాయికి అతుక్కుపోయి ఉంది. నా మటుకు నెగడే వద్దంటాను. ఇంకో స్వెట్టరు వేసుకోండి, ఫ్లాస్కులో టీ పోసుకెళ్లండి.

గాజువాక కుర్రోడు:
లంబసింగి చలికి స్వెట్టరు ఏ మూలకన్నా? పోనీ స్టౌ తెచ్చుకుందామంటే అరకు రైల్లో గ్యాస్ డబ్బా నిషేధం. అక్కడి ఊళ్లలో రోజూ చలి కాగుతారు కదా, మనం కాగితేనే తప్పా?

కొండబాట:
వాళ్లు కాగేది ఇంటి ముందు, రోజూ అదే చోట. మనం వెళ్లినప్పుడల్లా కొత్త చోటు కాలుస్తాం.

మాధవధార మాస్టారు:
రిజర్వు ఫారెస్టులో నిప్పు పెట్టడం 1967 నాటి మన అటవీ చట్టం ప్రకారం నేరం. కంబాలకొండ లాంటి అభయారణ్యాల్లో 1972 వన్యప్రాణి చట్టం కూడా ఉంది. కాబట్టి అక్కడ వాదనే లేదు.

అనుమతి ఉన్నచోటికి మేం కాంక్రీటు మోసే ఇనుప తట్ట పట్టుకెళ్తాం. కింద మూడు రాళ్లు, తట్టలో నాలుగు వేళ్ల మందాన ఇసుక, పైన మంట. నేల కాలదు, గడ్డి వేళ్లు బతుకుతాయి. గెడ్డలోంచి, అంటే వాగులోంచి తెచ్చిన రాళ్లు మాత్రం పెట్టొద్దు, లోపలి తడి ఆవిరై పేలతాయి. పుల్ల మణికట్టు లావు దాటకూడదు. దుంగ వేస్తే బూడిదవదు, మొద్దు మిగిలిపోతుంది.

ఆర్పేటప్పుడు నీళ్లు పోసి, పుల్లతో కలిపి, మళ్లీ పోయండి. బూడిదలో చెయ్యి పెట్టగలిగితేనే ఆరినట్టు. ఓసారి మేం నేల మీదే వేసి, మట్టి కప్పి పడుకున్నాం. తెల్లారి చూస్తే ఎండువేరు వెంబడి బారెడు దూరంలో పొగ!

గాజువాక కుర్రోడు:
తట్ట ఎవరు మోస్తారు మాస్టారూ?

మాధవధార మాస్టారు:
బ్లూటూత్ స్పీకరు మోసేవాడే.

కొండబాట:
తట్ట సంగతి ఒప్పుకుంటా. మరి కట్టెలో? రాలిన పుల్లలు చెదలకి తిండి, ఊరి ఆడవాళ్లకి పొయ్యి కట్టెలు. మనం ఏరేస్తే వాళ్లు ఇంకో కొండ దాకా నడవాలి. ఊళ్లో మోపు కొన్నా అదీ ఆ అడవిదేగా?

మాధవధార మాస్టారు:
అది నిజమే. ఇక్కణ్ణుంచే సరుగుడు పుల్లలు తీసుకెళ్లాలి.

గాజువాక కుర్రోడు:
తట్ట, ఇసుక, సరుగుడు మోపు, ఆర్పడానికి నీళ్లు... ఇవన్నీ మోసుకుని కొండెక్కాక ఇంక చలెక్కడ మాస్టారూ!